లేసు పువ్వుకి అక్సెషన్ నంబరు

నరసాపురంలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు. తెప్పలూ నావలూ కాదు, సముద్రాలు దాటే ఓడలు. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఈ సంగతి రాసిపెట్టాడు. ఇంగ్లీషు వర్తకులూ, అతను మూరులని పిలిచిన ముస్లిం వర్తకులూ ఇక్కడికే వచ్చి ఓడలు చేయించుకునేవారట. కలప దగ్గర్లోనే దొరుకుతుంది, ఇనప పని చవక, పనివాళ్ళు నేర్పరులు. అతని రాతప్రతిని 1905లో హక్లూయట్ సొసైటీ అచ్చువేసింది. పక్కనే మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరం ఉండేది. అక్కణ్ణించి ఓడెక్కిన బట్టని యూరప్‌లో 'మడపొల్లం' అని ఊరి పేరుతోనే పిలిచారు.

ఇంత పేరున్న విద్యలో మనకి మిగిలినదెంత? ఓడ అడుగు దూలానికి ఏ చెట్టు వాడేవారు, పలకని వంచడానికి ఎంతసేపు కాచేవారు, అతుకుల దగ్గర నీరు రాకుండా ఏం కూరేవారు, ఇవి తెలియాలంటే కొనుక్కున్నవాళ్ళ డైరీలే గతి. ధర ఎంతో, సరుకు ఎలా ఉందో కొనేవాడు రాసుకుంటాడు. చేసేవాడి చేతిలో ఏముందో అతనికి అక్కర్లేదు. స్థానిక విజ్ఞానాన్ని గ్రంథాలయాల్లో ఆధునిక సాంకేతికతతో భద్రపరచాలని ఇప్పుడు సభల్లో, ప్రభుత్వ పత్రాల్లో మాటలు వినబడుతున్నాయి. మంచి మాటే. అయితే ఆ పేరుతో జరిగే పనిలో ఎక్కువ భాగం స్కానింగు. స్కానింగు అవసరమే గానీ, అది కూడా కొనుక్కున్నవాడి చూపే అయ్యే ప్రమాదం ఉంది. వస్తువు రూపం దక్కుతుంది, పని తెలిసే తోవ దక్కదు.

అదే నరసాపురంలో ఇప్పటికీ చేతుల్లో బతికి ఉన్న విద్య లేసు అల్లిక. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1844లో ఇక్కడి ఆడవాళ్ళకి దీన్ని నేర్పారని చెబుతారు. బయటినుంచి వచ్చినది స్థానిక విజ్ఞానం ఎలా అవుతుందని అడిగేవాళ్ళు ఉంటారు. నూట ఎనభై ఏళ్ళుగా తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి పుస్తకం అక్కర్లేకుండా దిగివచ్చి, ఇక్కడి అరుగుల మీద ఇక్కడి పేర్లు పెట్టుకున్న పనికి పుట్టుక సర్టిఫికెట్ అడగడం నాకు సబబుగా తోచదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ పనిలో ఏం తెలివి ఉందో కొంచెం నిదానంగా చూద్దాం. మగ్గం మీద గుడ్డలో వందల పోగులు ఒక్కసారే బిగించి ఉంటాయి. రెండు సూదులతో స్వెట్టరు అల్లేటప్పుడు సూది నిండా మెలికలు ఉంటాయి. కొక్కెం సూదితో లేసు అల్లేటప్పుడు సూది మీద సాధారణంగా ఒక్క మెలికే మిగిలి ఉంటుంది. కొక్కేనికి దారం తగిలించి ఆ మెలికలోంచి లాగితే కొత్త మెలిక పుడుతుంది, పాతది బిగుసుకుంటుంది. ఇలా గొలుసు సాగుతుంది. ఆ గొలుసులో వెనక్కి పోయి ఏ కంట్లోనైనా సూది గుచ్చి అక్కడినుంచి కొత్త దిక్కుకి బయల్దేరవచ్చు. ఈ స్వేచ్ఛ వల్లనే క్రోషే అనే ఈ అల్లికని అచ్చంగా అనుకరించే యంత్రం కర్మాగారాల్లోకి రాలేదు. బజార్లో దొరికే మిషన్ లేసు చూపుకి దగ్గరగా ఉంటుంది గానీ దాని అల్లిక పద్ధతి వేరు.

ఇక లెక్క. గుండ్రటి పువ్వు బల్ల మీద పరిస్తే చదునుగా ఉండాలి. వరస తరవాత వరస వేస్తూ పోతుంటే చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి కుట్లూ పెరగాలి. ఎన్ని పెరగాలి? ఒక వరస వేస్తే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తంత పెరుగుతుంది, చుట్టుకొలత దానికి 2π రెట్లు పెరుగుతుంది. కుట్టు ఎత్తూ వెడల్పూ సమానమైతే వరసకి సుమారు 6 కుట్లు పెంచాలి. ఎత్తు వెడల్పుకి రెట్టింపు ఉంటే 12. తక్కువ పెంచితే పువ్వు దొప్పలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. ఆ కుచ్చిళ్ళ అంచు గణితంలో హైపర్బోలిక్ తలానికి నమూనా. కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమీనా అనే గణిత శాస్త్రజ్ఞురాలు 1997లో కొక్కెం సూది పట్టుకుని దాన్ని అల్లి చూపించాక, కాగితంతో తిప్పలు పడుతున్న విద్యార్థులకి చేతితో తడిమి చూసే వీలు దొరికింది. నరసాపురం వైపు ఆడవాళ్ళకి π పేరు తెలియకపోవచ్చు. ఎక్కడ రెండు కుట్లు ఎక్కువ వెయ్యాలో మాత్రం చెయ్యే చెబుతుంది. నూలు నంబరు మారితే ఆ లెక్క ఎలా మారుతుందో కూడా.

ఇప్పుడు ఈ పువ్వుని అతి మంచి కెమెరాతో ఫోటో తీశామనుకోండి. ముగ్గు చూసినట్టే ఉంటుంది. చుక్కలెన్ని, గీత ఎలా తిరిగింది అన్నీ కనబడతాయి. చెయ్యి ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పి ఎక్కడ వదిలిందో కనబడదు. అల్లికలో ఆ తోవే అసలు సంగతి. దారం ఒకదాని మీదుగా పోయిందా కిందుగా పోయిందా, వరస ముగించడానికి జారుడు కుట్టు వేశారా లేక గొలుసు ఎత్తారా అన్నవి రెండు మిల్లీమీటర్లలో దాక్కుంటాయి. కాబట్టి లేసుకి గ్రంథాలయంలో చోటు ఇవ్వాలంటే కనీసం నాలుగు వస్తువులు ఒకచోట చేరాలి. అల్లుతున్నామె భుజం మీదుగా, ఆమె కళ్ళకి కనబడే కోణంలోంచి తీసిన వీడియో. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో. నూలు, సూది నంబర్లు. కుట్టు గుర్తులతో గీసిన పటం. క్రోషే పటాలకి ప్రపంచమంతటా వాడే గుర్తులున్నాయి, అవి చదవగలిగితే జపాన్ అమ్మాయి కూడా ఆ పువ్వు అల్లగలదు. ఎదురుగా నిలబడి తీసిన వీడియో పెద్దగా పనికిరాదు. చూసేవాళ్ళకి కుడి ఎడమలు తారుమారవుతాయి, వేళ్ళే అడ్డం వస్తాయి. ఈ చిన్న విషయం తెలియక తీసిన హస్తకళల వీడియోలు చాలా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, నేర్చుకోవడానికి పనికిరావు.

అల్లుతున్నప్పుడు ఆమె మాట్లాడేది ఇంకా విలువైనది. పని ఎలా పంచుకుంటారో ఆ మాటల్లోనే తెలుస్తుంది: పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని, ఈ రెండూ చాలాసార్లు వేర్వేరు ఇళ్ళలో జరుగుతాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ఈ పనివాళ్ళ గురించిన ప్రసిద్ధమైన పుస్తకం. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లుతున్న ఆడవాళ్ళని లెక్కల్లో 'గృహిణులు' అని రాసి, వాళ్ళ శ్రమని తీరిక వేళ కాలక్షేపంగా చూపించారని ఆమె వాదన. లేసు కొన్న దేశాలకి నరసాపురం పేరు తెలిసింది, అల్లిన మనిషి పేరు తెలియలేదు. గ్రంథాలయం రాసే రికార్డులో కూడా 'నరసాపురం లేసు, తెలుపు, గుండ్రం' అని మాత్రమే ఉంటే అదే పద్ధతి కంప్యూటర్లోకి ఎక్కినట్టు.

గ్రంథాలయమే ఎందుకు? మ్యూజియం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. నా జవాబు చాలా మామూలుది. మ్యూజియం జిల్లాకొకటి కూడా లేదు. శాఖా గ్రంథాలయం మాత్రం నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది, చెప్పినామె మర్నాడు వచ్చి 'అలా కాదు, తప్పు రాశారు' అని అనగలదు. ఈ దగ్గరితనం మనకి ఊరికే రాలేదు. తూర్పు గోదావరి కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపారు. 1960 నాటి గ్రంథాలయ చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి, మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతోంది. ఆ ఉద్యమమంతా పుస్తకాన్ని ఊళ్ళోకి తేవడానికి జరిగింది. ఊళ్ళో ఉన్నదాన్ని పుస్తకంలోకి తేవడం రెండో సగం, అది పెద్దగా జరగలేదు.

జరిగిన చోట్ల అది ఎక్కువగా తాటాకు ప్రతుల రూపంలో జరిగింది. 1898 నాటి వాసురాయ గ్రంథాలయం నుంచి పెరిగిన రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో, 1911లో మద్రాసులో పుట్టి తరవాత కాకినాడ చేరిన ఆంధ్ర సాహిత్య పరిషత్తులో తాళపత్రాలు ఉన్నాయి. అంతకు ముందు, రాజమండ్రిలోనూ కొలువు చేసిన సి.పి. బ్రౌన్ పండితులకి జీతాలిచ్చి ప్రతులు రాయించాడు, ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి పోల్పించాడు. ఆ రోజులకి అదే సాంకేతికత.

తాటాకు మీద రాత నిజానికి చెక్కడం. లేతాకుని కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేశాక గంటంతో గీరుతారు. తరవాత నూనెలో కలిపిన దీపం మసి పూసి తుడిచేస్తే మసి గాడిలో మాత్రం నిలుస్తుంది. అప్పుడు అక్షరం నల్లగా కనబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రెండు చెడులు జరుగుతాయి. ఆకు ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, లేదా మసి రాలిపోతుంది. రెంటికీ వేర్వేరు మందులు.

మసి ఉండి ఆకు నల్లబడితే పరారుణ కాంతి పనికొస్తుంది. మసి అంటే కార్బన్, అది కంటికి కనబడే కాంతినీ పరారుణాన్నీ కూడా మింగేస్తుంది. ముదిరిన ఆకు రంగు మాత్రం పరారుణంలో తేలికపడుతుంది. కాబట్టి కళ్ళకి నలుపు మీద నలుపుగా ఉన్నది ఆ ఫోటోలో తెలుపు మీద నలుపుగా తేలుతుంది. మామూలు డిజిటల్ కెమెరా లోపలి సిలికాన్ సెన్సారుకి సుమారు 1000 నానోమీటర్ల దాకా చూసే శక్తి ఉంది, రంగులు చెడతాయని కంపెనీ దానికి అడ్డంగా ఒక ఫిల్టరు పెడుతుంది. ఆ ఫిల్టరు తీయించిన పాత కెమెరా ఒకటి ఉంటే చిన్న గ్రంథాలయానికి కూడా ఈ పని అందుబాటులో ఉన్నట్టే.

మసి పూర్తిగా రాలిపోతే పరారుణం వల్ల లాభం లేదు. గాడి మాత్రం ఉంది. దీపాన్ని ఆకుకి దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేస్తే గాడి అంచు నీడ పడి అక్షరం లేస్తుంది. ఒక దిక్కు నుంచి వేస్తే నిలువు గీతలు లేచి అడ్డగీతలు పడుకుంటాయి. అందుకని కెమెరాని కదపకుండా దీపాన్ని మాత్రం చుట్టూ తిప్పుతూ పదుల కొద్దీ ఫోటోలు తీస్తారు. ప్రతి బిందువు దగ్గరా ఏ దిక్కు కాంతికి ఎంత మెరిసిందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ఆ తలం ఎటు వంగి ఉందో తేలుస్తుంది. తరవాత తెర మీద మనమే దీపాన్ని కావలసిన వైపుకి జరుపుకుని చదువుకోవచ్చు. హ్యూలెట్ పాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో చూపించిన పద్ధతి ఇది. మసి లేని తాటాకు దీనికోసమే పుట్టినట్టుంటుంది.

ఫోటో తీశాక కంప్యూటరు చదవాలి. ఇక్కడ మన లిపి కొంచెం మొండికేస్తుంది. తాళపత్రంలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పైవరస వత్తులు కిందికి దిగి, కిందివరస తలకట్లలోకి చొరబడతాయి. ఆ వత్తు ఎవరిదో యంత్రానికి అంతుపట్టదు. మధ్యలో తాడు గుచ్చిన రంధ్రం, దాని చుట్టూ వదిలిన ఖాళీ, పురుగు తిన్న చారలు సరేసరి. అక్షరం గుర్తుపట్టడానికి ముందు వరసలు విడదీయడమే ఒక పెద్ద లెక్క. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో 'ఇండిస్కేప్స్' పేరుతో భారతీయ రాతప్రతుల పుటలని వరసలు, రంధ్రాలు, బొమ్మలు, చెడిన చోట్లు అని గుర్తులు పెట్టిన చిత్రాల సంకలనం చేసి యంత్రానికి నేర్పడం మొదలుపెట్టారు. 2021లో 'పాల్మీరా' అనే నమూనా అలా వచ్చిందే. మనుషులు గుర్తులు పెడితేనే యంత్రం నేర్చింది. ఆ మనుషులకి లిపి తెలిసి ఉండాలి.

అన్నీ కావ్యాలే కావు. ఊళ్ళలో దొరికే తాటాకుల్లో, పాత కాగితాల్లో కరణాల లెక్కలుంటాయి. ఏ చేనుకి ఏ కాలువ నీరు, ఏ గట్టు ఎవరిది, ధాన్యం తూములు ఎన్ని, కుంచాలు ఎన్ని. డెల్టాలో భూమి, నీరు ఎలా నడిచాయో తెలిపేవి ఇవే. ఇందులో భిన్నాలు రాసే పద్ధతి చూడండి. పావులు నిలువు గీతలు. ఒక గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. పదహారో వంతులు అడ్డగీతలు, ఒక అడ్డగీత వీసం. ఆ తరవాత అరవై నాలుగో వంతులకి మళ్ళీ నిలువు. నాలుగు ఆధారంగా నడిచే చక్కని స్థానవిలువ పద్ధతి ఇది. కంప్యూటరు లోకానికి ఈ గుర్తులు 2008 దాకా లేవు. నాగార్జున వెన్నా చేసిన ప్రతిపాదన మీద యూనికోడ్ 5.1లో తూము గుర్తుతో కలిపి ఎనిమిది చేరాయి. అంతకు ముందు ఎంత జాగ్రత్తగా టైపు చేసినా ఆ లెక్క కంప్యూటర్లో నిలిచేది కాదు. ఇప్పటికీ, నేర్పని యంత్రం నిలువు గీతని పద్యం చివరి దండంగా చదివేస్తుంది. పావు తూము పోయి, వాక్యం ముగిసినట్టు కనబడుతుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ గుర్తుల్ని అలవాటుగా చదివినవాళ్ళంతా ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు.

వస్తువు దొరికినా దానికి ఏ పేరు పెట్టి దాస్తామన్నది ఇంకో చిక్కు. 2000 తరవాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. దాని వెనుక కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని రాజ్ రెడ్డి ఉన్నారు, శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు ఎక్కించారు. పుస్తకం ఉంది, వెతికితే దొరకదు. తరవాత తెలుగు వికీపీడియా రాసేవాళ్ళు కొందరు ఒక్కొక్క ఫైలూ తెరిచి, అట్ట చూసి, తెలుగులో జాబితాలు కట్టారు. స్కానింగుకి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఆ పనికి అయ్యింది ఏమీ లేదు, ఉపయోగం మాత్రం దానివల్లే మొదలైంది.

వృత్తుల విషయంలో మన దగ్గర ఇంతకంటే మంచి పునాది ఉంది, ఎవరూ గుర్తు చేసుకోరు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయ పదాలతో. 1971లో చేనేత పదాల సంపుటం. జిల్లా జిల్లాకీ మనుషులు వెళ్ళి, రైతునీ నేతగాడినీ అడిగి, మేడి ఏది, కర్రు ఏది, నొగ ఏది అని విని రాసుకుని, ఏ మాట ఏ ప్రాంతానిదో చూపించారు. డిజిటల్ భాండాగారానికి కావలసిన విషయసూచిక అదే. గోదావరి చేపలకి ఇది ఎంత అవసరమో చూడండి. ఎర్రనీరు తగిలాక ఏరెక్కే చేప జాలరికి పులస, సముద్రంలో ఉన్నప్పుడు అదే వలస. జీవశాస్త్రానికి రెండూ టెన్యువలోసా ఇలిషా. శాస్త్రీయ నామం ఒక్కటే గడిలో పెడితే కాలం, నీటి రంగు, చోటు గురించి జాలరికి తెలిసినదంతా జారిపోతుంది. రెండూ రాయాలి.

మాటని రాతగా మార్చే యంత్రాలు ఇప్పుడు తెలుగుకీ వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి ఒకటి. వార్తల తెలుగు వీటికి బాగానే అర్థమవుతుంది. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక పెద్దావిడ సూది నోట కరుచుకుని చెప్పే మాటలకి తడబడతాయి, సరిగ్గా మనకి కావలసిన వృత్తిపదం దగ్గరే తడబడతాయి. అది ఎన్నడూ విననిది కాబట్టి దగ్గరగా వినబడే మామూలు మాట ఒకటి వేసి పోతాయి. అందుకని అసలు ధ్వనిని కుదించకుండా దాచాలి. వాట్సాప్‌లో పంపిన క్లిప్పు చాలదు. రాత తరవాత ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

ఇప్పుడు హక్కుల సంగతి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు ఇచ్చేశారు. మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ యోగాలని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్ భాషల్లోకి మార్చి, ఒప్పందం చేసుకున్న పేటెంటు కార్యాలయాలకి చూపిస్తారు. మూలగ్రంథాల భాషలుగా చెప్పేవి సంస్కృతం, హిందీ, అరబ్బీ, పారసీ, ఉర్దూ, తమిళం. తెలుగు వైద్య తాళపత్రాలు ఎన్నున్నా ఆ వరసలో మన భాష పేరు లేదు.

పసుపు కథ విని, అయితే అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేద్దాం అనిపిస్తుంది. లేసు దగ్గర ఆ తర్కం తిరగబడుతుంది. మన డిజైన్ల చట్టం (2000) ప్రకారం ముందే ప్రచురితమైన డిజైనుని కొత్తదిగా నమోదు చేయడానికి వీల్లేదు. ఒకావిడ కొత్తగా కట్టుకున్న పువ్వుని గ్రంథాలయం ఉత్సాహంగా వెబ్‌సైటులో పెట్టిందంటే, దాన్ని తన పేర నమోదు చేసుకునే దారి ఆవిడకి మూసుకుపోవచ్చు. భౌగోళిక గుర్తింపు కాపాడేది నరసాపురం అన్న పేరుని, పువ్వు నమూనాని కాదు. పాత తరాల పువ్వులకి ప్రచురణే రక్ష. కొత్తవాటికి మౌనం కావాలి. ఏది ఏదో చెప్పగలిగేది అల్లినామె మాత్రమే.

ప్రపంచంలో దీనికి దారి కనుక్కున్నవాళ్ళు ఉన్నారు. 1890లో అమెరికాలో జెస్సీ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు పసమకోడీ జాతి పాటల్ని మైనపు స్తంభాల మీద రికార్డు చేశాడు. ఆరుబయట జనం మధ్యకి వెళ్ళి చేసిన తొలి ధ్వని రికార్డులుగా వాటికి పేరు. దశాబ్దాలపాటు అవి పరిశోధకుల పెట్టెల్లోనే ఉన్నాయి. ఇటీవలే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని శుభ్రపరిచి ఆ జాతివాళ్ళ ముందు పెడితే, పేర్లు వాళ్ళే దిద్దారు, ఏవి అందరూ వినొచ్చో వాళ్ళే చెప్పారు. ఆస్ట్రేలియాలో వారుముంగు జాతితో కలిసి కట్టిన 'ముకుర్తు' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ అనుమతులు ఫైలుతోపాటే ప్రయాణిస్తాయి. కొన్ని ఊరందరికీ, కొన్ని ఒక కుటుంబానికే, కొన్ని ఒక కాలంలోనే. మన శాఖా గ్రంథాలయాలు కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు.

దాచడం గురించి రెండు మాటలు చాలు. డెల్టాలో 1977 నవంబరు, 1996 నవంబరు తుపానుల్ని చూసినవాళ్ళకి ఒక్కచోటే దాచడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక నకలు ఊళ్ళో, ఒకటి ఏలూరులో, ఒకటి సముద్రానికి దూరంగా ఎత్తైన చోట ఉండాలి. ప్రతి ఫైలుకీ ఒక గణిత సంతకం లెక్కగట్టి పెట్టుకుంటే, ఒక్క బిట్ చెడినా సంతకం మారి పట్టుబడుతుంది. ఏడాదికోసారి పోల్చుకుని, చెడినదాన్ని మంచి నకలుతో దిద్దుకోవాలి. ఫైలు బాగానే ఉండి చదవలేకపోవడం ఇంకో రకం చావు. యూనికోడ్‌కి ముందు ఒక్కో కంపెనీ ఒక్కో ఫాంటుతో దాచిన తెలుగు ఫైళ్ళు డి.టి.పి. కొట్టుల్లో ఇప్పటికీ పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటున్నాయి.

ఏది ముందు చెయ్యాలని అడిగితే నేను తాళపత్రాల్ని రెండో వరసలో పెడతాను. ఇది పండితులకి నచ్చకపోవచ్చు. 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన జ్ఞాన భారతం పథకం కోటి రాతప్రతులని లక్ష్యంగా పెట్టుకుంది, ఆకుల సంగతి చూసే వ్యవస్థ ఒకటి కదిలింది. పొడి పెట్టెలో, బట్టలో చుట్టి ఉన్న ఆకు ఇంకో ఇరవై ఏళ్ళు ఆగుతుంది. డెబ్భై దాటిన లేసు పనివాళ్ళ చూపు అన్నాళ్ళు ఆగదు. కూలి గిట్టక వాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళు వేరే పనులకి పోతున్నారు, వాళ్ళని తప్పుపట్టేదేమీ లేదు.

మనుషుల కొరత కూడా లేదు. ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్ళి చూడండి, డీఎస్సీకీ గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షలకీ చదువుకునే పిల్లలతో బల్లలు నిండి ఉంటాయి. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో అమ్మో నానమ్మో ఆ పని చేసినవాళ్ళే. వారానికి ఒక గంట విని రాసిపెట్టే పనికి చిన్న గౌరవ వేతనం ఇస్తే, అది ఆ 8 పైసల గ్రంథాలయ పన్నులోంచి వెళ్ళదగ్గ ఖర్చే. ఒక ఫోను, దాన్ని పైనుంచి పట్టే స్టాండు, నీడ పడని దీపం, స్కేలు, చొక్కాకి తగిలించే మైకు చాలు. పుస్తకాలకి నంబరేసి నమోదు చేసే పాత అక్సెషన్ రిజిస్టరు గడుల్ని మాత్రం కొంచెం మార్చాలి. రచయిత గడిలో అల్లినామె పేరు, ఆమె ఒప్పుకుంటేనే. ప్రచురణకర్త గడిలో నేర్పినామె పేరు. ధర గడిలో ఆ పువ్వుకి ఆమె చేతికొచ్చిన కూలి ఎంతో రాయాలి, ఎగుమతి ధర కాదు. ఆ పక్కన కొత్తగా ఇంకో గడి గీసి, ఎవరెవరు చూడొచ్చో ఆమె చెప్పినట్టు రాసుకోవాలి.